ముందు బరువు, వెనక బరువు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవాల రెండో రోజు సభలో చేసిన ప్రసంగ పాఠం. వక్త మన బడి 1981 పదో తరగతి బ్యాచ్ విద్యార్థి. నిర్మల్ పైభాగం పల్లెలో పుట్టి, ప్రస్తుతం కరీంనగర్‌లో ట్రాక్టర్ ట్రాలీలు తయారుచేసే వర్క్‌షాప్ నడుపుతున్నారు.)

 

నన్ను మాట్లాడమని సంఘం కార్యదర్శి ఫోన్ చేసినప్పుడు, నంబరు తప్పు కలిసిందేమో అనుకున్నాను. ఈ సభలో డాక్టర్లున్నారు, లాయర్లున్నారు, సింగరేణిలో పెద్ద పెద్ద గనులు చూసిన ఇంజనీర్లున్నారు. నేను పదో తరగతి లెక్కల్లో 38 మార్కులతో గట్టెక్కినవాణ్ని. పాస్ మార్కు మీద ఆ మూడు మార్కులు ఎక్కువ ఎట్లా వచ్చాయో లెక్కల సారుకు చివరిదాకా అనుమానమే. అందుకని ఏం మాట్లాడాలని అడిగితే, "నీకు తెలిసింది మాట్లాడు, ఇరవై నిమిషాలు" అన్నారు. నాకు తెలిసింది ఒక్కటే. ఒక బండి వెనక ఇంకో బండి కట్టి, అందులో బరువు వేసి లాగడం. దాని గురించే చెబుతాను. నవ్వుకునేవాళ్లు ముందు నవ్వుకోండి, చివర్లో మీతో ఒక పని ఉంది.

పోయిన జనవరిలో ఒకరాత్రి అమెరికా నుంచి ఫోన్ వచ్చింది. నా క్లాస్‌మేట్ కొడుకు. మినిసోటా రాష్ట్రంలో ఉద్యోగం. చిన్నప్పుడు సెలవులకొస్తే నా వర్క్‌షాప్‌లో వెల్డింగ్ నిప్పురవ్వలు చూస్తూ నిలబడేవాడు. "కాకా, నీ పని పడ్డది" అన్నాడు. వాళ్లుండే చోట నాలుగైదు నెలలు నేలంతా మంచే. ఆ మంచు మీద నడవడానికి స్నోమొబైల్ అనే బండి ఉంటుంది. దానికి చక్రాలుండవు. ముందు రెండు స్కీలు, వెనక రబ్బరు బెల్టు, పైన మోటారు సైకిల్ సీటు. కెనడాలో బొంబార్డియర్ అనే ఆయన 1959లో స్కీడూ అనే పేరుతో అమ్మడం మొదలుపెట్టాక ఇంటింటికీ పాకింది. మినిసోటాలోనే రోసో అనే చిన్న ఊళ్లో 1954లో మొదలైన పొలారిస్ కంపెనీ కూడా ఇవే చేస్తుంది. ముందు మన దగ్గర ట్రాలీలు చేసినట్టే అదీ ఒక చిన్న షెడ్డులో మొదలైన పనేనని వాడు చెప్పాడు.

ఇంతకూ సంగతేమిటంటే, ఆ స్నోమొబైల్ మామూలు రోడ్డు మీద నడవదు. మంచు దారి మొదలయ్యే చోటుదాకా ట్రాలీలో ఎక్కించుకొని పోవాలి. వాడి దగ్గర చిన్న పికప్ ట్రక్కు ఉంది. మన బొలెరో పికప్ లాంటిదే అనుకోండి, కొంచెం సోకుగా ఉంటుంది. ఒక్కో స్నోమొబైల్ 250 కిలోలు. రెండు బండ్లు, ట్రాలీ బరువు, పెట్రోలు డబ్బాలు అన్నీ కలిపి 900 కిలోల దాకా వచ్చింది. పికప్ పుస్తకంలో 3,500 పౌండ్లు, అంటే దాదాపు 1,590 కిలోలు లాగొచ్చని రాసి ఉంది. "లెక్క ప్రకారం సగం కొంచెం దాటింది అంతే కదా కాకా. మరి గంటకు 50 మైళ్లు దాటంగనే ట్రాలీ కుక్క తోక ఊపినట్టు ఊపుతున్నది. పికప్పును కూడా అటూ ఇటూ గుంజుతున్నది. రోడ్డంతా గడ్డకట్టిన మంచు. పక్కన పిల్లలున్నరు. చేతులు వణికినయి" అన్నాడు.

ఫొటో పంపమన్నాను. పంపాడు. దించేటప్పుడు సులువుగా ఉంటుందని రెండు స్నోమొబైళ్లనూ వెనక్కి తిప్పి ఎక్కించాడు. వాటి ఇంజను ముందు భాగంలో ఉంటుంది. అంటే అసలు బరువంతా ట్రాలీ ఇరుసు దాటి వెనక్కి పోయింది. దానికి తోడు పెట్రోలు డబ్బాలు, పనిముట్ల పెట్టె కూడా వెనక తలుపు పక్కనే పెట్టాడు. పికప్ వెనక భాగం కొంచెం పైకి లేచి కనబడుతున్నది.

నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట: "బిడ్డా, ఎడ్ల మెడలు లేచినయి."

వాడికి అర్థం కాలేదు. ఇక్కడ ఉన్న పెద్దలకు అర్థమై ఉంటుంది. పిల్లల కోసం చెబుతాను.

మా తాతకు చదువు రాదు. ఎడ్లబండి కట్టడం మాత్రం వచ్చు. వడ్లు గానీ, పత్తి గానీ, కట్టెలు గానీ బండిలో వేసినప్పుడు ముందు ఎడ్లను కట్టేవాడు కాదు. బండి నిండగానే తాను కాడి దగ్గరికి పోయి రెండు చేతులతో నొగను పైకి లేపి చూసేవాడు. తేలికగా లేస్తే, "వెనక బరువైంది, రెండు బస్తాలు ముందరికి జరపండి" అనేవాడు. ఎంత లేపినా కదలకపోతే, "ముందు బరువైంది, ఎడ్ల మెడలు విరుగుతయి, వెనకకు జరపండి" అనేవాడు. కొంచెం ముక్కి లేపేంత ఉంటే, అప్పుడు ఎడ్లను కట్టమనేవాడు.

ఎందుకంటే, ముందు బరువు ఎక్కువైతే కాడి ఎడ్ల మెడ మీద కూర్చుంటుంది. మెడ పుండవుతుంది, నడవలేవు. వెనక బరువు ఎక్కువైతే కాడి పైకి లేస్తుంది. మెడ కింది తాడు గొంతుకు బిగుస్తుంది. ఎడ్ల కాళ్లు నేల మీద సరిగా ఆనవు. ఇక అప్పుడు బండి ఎటు పోతే ఎడ్లు అటు పోవాల్సిందే. లాగేవాడి మాట వెనక వచ్చేది వినాలంటే, వెనక వచ్చేది కొంచెం లాగేవాడి మీద ఆనుకొని ఉండాలి. మరీ ఎక్కువ ఆనుకోకూడదు, అసలు ఆనుకోకుండానూ ఉండకూడదు. మా తాతకు తెలిసిన శాస్త్రం ఇంతే.

అమెరికా వాళ్ల పుస్తకాలు చెప్పేదీ ఇదే. ట్రాలీ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ముందు కొక్కెం మీద పడాలి అంటాయి. సరుకులో ఇంచుమించు 60 శాతం ఇరుసుకు ముందు, 40 శాతం వెనక ఉండేట్టు సర్దమంటాయి. ఎడ్లబండి మనిషి నడక వేగంతో పోతుంది కాబట్టి దానికి కొద్దిపాటి ముందు బరువు చాలు. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో చిన్న గాలి తోసినా, చిన్న గుంత తగిలినా ట్రాలీ పక్కకు పోతుంది. ముందు బరువుంటే అది తనంతట తానే మళ్లీ దారిలోకి వస్తుంది. వెనక బరువుంటే ఒక్కో ఊపుకూ ఊపు పెరుగుతుంది.

వాడికి చెప్పాను: "రెండు బండ్లనూ ముందుకు తిప్పి ఎక్కించు. డబ్బాలు, పెట్టె ఇరుసుకు ముందు పెట్టు. ఇంట్లో బరువు చూసుకునే మిషన్ ఉంటే, సమతలం చోట ట్రాలీ ముక్కు కింద ఒక చెక్క నిలబెట్టి దాని మీద ఆనించి చూడు. ముక్కు కొక్కెం ఎత్తులోనే ఉండాలి." మర్నాడు మెసేజ్ పెట్టాడు. 110 కిలోలు. 900కు 12 శాతం. సరిపోయింది. ఇంకో మాట కూడా చెప్పాను. ఆ 110 కిలోలు పికప్ మోసే బరువులోకే వస్తాయి. లోపల నలుగురు మనుషులు, సామాను, పైన ఈ 110. అన్నీ కలిపి పుస్తకంలోని మోత లెక్కలోపే ఉండాలి. లేకపోతే పికప్ వెనక కుంగుతుంది, ముందు చక్రాలు తేలికవుతాయి, మంచు మీద స్టీరింగ్ తిప్పినా బండి తిరగదు. ఎప్పుడైనా మళ్లీ ఊగితే బ్రేకు గట్టిగా తొక్కకు, స్టీరింగ్ అటూ ఇటూ కొట్టకు, స్టీరింగ్ నిలకడగా పట్టుకొని మెల్లగా ఆక్సిలేటరు వదిలెయ్ అన్నాను.

వారం తర్వాత ఫోన్ చేసి, "కాకా, ట్రాలీ వెనక ఉన్నట్టే తెలుస్తలేదు" అన్నాడు. "తాతకు చెప్పు" అన్నాను. ఎవరి తాతో వాడు అడగలేదు.

ఇంతవరకు నవ్వుకునే భాగం. ఇప్పుడు అసలు సంగతి చెబుతాను.

నాకు ఈ విషయం తెలిసి ఉండీ, ఒకరోజు నేను పాటించలేదు. 1986 డిసెంబరు. అప్పుడు నాకు ఇరవై ఏళ్లు దాటాయి. బాపు బ్యాంకు అప్పుతో ట్రాక్టర్ కొని రెండేళ్లయింది. ఊళ్లో ట్రాక్టర్ నడిపే పోరడంటే అప్పట్లో ఎంత గర్వమో మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. మా నల్లరేగడిలో ఆ ఏడు పత్తి బాగా పండింది. కింద నిర్మల్ వైపు ఒక జిన్నింగ్ మిల్లులో రేటు కొంచెం ఎక్కువుందని తెలిసి, 22 క్వింటాళ్లు ట్రాలీలో తొక్కి నింపి, పైన గోతాలు కప్పి, మోకులు బిగించి బయలుదేరాము. నేను నడుపుతున్నాను. మా చిన్నాయన కొడుకు, నా తమ్ముడు, పత్తి మీద మోకు పట్టుకొని కూర్చున్నాడు. వాడు అదే ఏడాది మన బడి నుంచి పదో తరగతి పాసయ్యాడు.

నేరడిగొండ దాటి నిర్మల్ రావాలంటే మహబూబ్ ఘాట్ దిగాలి. ఇప్పుడు పెద్ద రోడ్డు పడ్డాక కొత్తవాళ్లకు ఆ పాత ఘాట్ మలుపులు తెలియవు గానీ, అప్పట్లో నాగపూర్ నుంచి హైదరాబాద్ పోయే లారీలన్నీ దాని మీదే. వానాకాలం పచ్చగా ఎంత అందంగా ఉండేదో, బరువు బండికి అంత కష్టంగా ఉండేది. బయలుదేరేటప్పుడు తాత ఒక్కటే మాట చెప్పాడు. "ఎక్కేటప్పుడు ఏ గేరో, దిగేటప్పుడు గదే గేరు. గేరు తియ్యకు." సరే అన్నాను.

ఘాట్ మొదట్లో గేరు తీసేశాను. డీజిల్ మిగులుతుందని. బండి దానంతట అదే పోతుంటే ఇంజను ఎందుకు తిప్పాలని. ఇంకో తప్పు కూడా నాదే. ట్రాక్టర్‌కు రెండు బ్రేకు పెడళ్లుంటాయి, ఎడమ చక్రానికి ఒకటి, కుడి చక్రానికి ఒకటి. పొలంలో మలుపు తిప్పడానికి విడివిడిగా తొక్కుతాం. రోడ్డెక్కేటప్పుడు రెండింటినీ కలిపి గడియ వెయ్యాలి. ముందు రోజు దున్నిన ట్రాక్టర్ అది. గడియ వెయ్యలేదు.

రెండో మలుపు దగ్గరికొచ్చేసరికి వేగం నా చేతిలో లేదు. గేరు మళ్లీ వేద్దామంటే పడలేదు, గరగరమన్నది. భయంతో బ్రేకు తొక్కాను. కాలు కుడి పెడల్ మీదే సగం పడింది. ట్రాక్టర్ కుడికి తిరిగింది. వెనక నుంచి ట్రాలీ తోసింది. తోసి, మడతపడి, కొండ వైపు ఒరిగి పడిపోయింది. లోయ వైపు పడి ఉంటే ఇవాళ ఈ మైకు ముందు వేరేవాళ్లుండేవారు. నాకు భుజం బెణికింది. తమ్ముడు పైనుంచి పడ్డాడు. ట్రాలీ అంచు వాడి కాలి మీద పడింది. వెనక వచ్చిన లారీ డ్రైవరూ క్లీనరూ జాకీ పెట్టి లేపారు. ఆస్పత్రిలో మోకాలి కింద తీసేయాల్సి వచ్చింది.

వాడు ఇవాళ మూడో వరుసలో కూర్చున్నాడు. ఈ సంగతి చెప్పనా అని నిన్న రాత్రి అడిగాను. "చెప్పు అన్నా. పేరు ఎందుకు, సంగతి చెప్పు" అన్నాడు. ముప్పై ఏళ్లు దాటాయి, ఒక్కరోజు నన్ను ఒక్క మాట అనలేదు. బస్టాండు దగ్గర వాడి కిరాణం దుకాణంలో మీలో చాలామంది పిల్లలకు నోటుపుస్తకాలు కొన్నారు. ఆ ఘాట్ మొత్తం న్యూట్రల్‌లో దిగితే మిగిలే డీజిల్ ఎంతని తర్వాత ఎన్నోసార్లు లెక్కేసుకున్నాను. చెంబెడు కూడా కాదు.

మన సైన్సు సారు తొమ్మిదో తరగతిలో న్యూటన్ సూత్రం చెబుతూ, "కదిలే బస్సు ఉన్నట్టుండి ఆగితే మనం ముందుకు ఎందుకు తూలుతాం?" అని అడిగేవారు. జవాబు రాసి రెండు మార్కులు తెచ్చుకున్నాను. ఘాట్ మీద ట్రాక్టర్ అంటే బస్సు, ట్రాలీ అంటే అందులో నిలబడ్డ మనిషి అని నాకు తోచలేదు. చదువు పుస్తకంలోనే ఉండిపోయింది, తాత మాట చెవి దగ్గరే ఆగిపోయింది.

తర్వాత నేను ఆ లెక్క వేశాను. 38 మార్కుల లెక్క, మీరూ వేయొచ్చు. ట్రాక్టర్ 1,900 కిలోలు. ఖాళీ ట్రాలీ 1,500. పత్తి 2,200. మొత్తం 5,600 కిలోలు. 20 అడుగులకు 1 అడుగు దిగే వాలు అనుకుందాం. మొత్తం బరువులో 20వ వంతు, అంటే 280 కిలోల బలం బండిని కిందికి లాగుతూ ఉంటుంది. అందులో 185 కిలోలు ఒక్క ట్రాలీ వెనక నుంచి తోసేదే. ఇద్దరు ముగ్గురు బలమైన మనుషులు వెనక నిలబడి, ఆగకుండా నెడుతున్నట్టు. గేరులో ఉంటే ఆ తోపును ఇంజను పట్టుకుంటుంది. గేరు తీస్తే పట్టుకునేది బ్రేకు ఒక్కటే. ఆ బ్రేకు ట్రాక్టర్ వెనక చక్రాలకే ఉంటుంది, మన ట్రాలీల్లో చాలావాటికి అసలు బ్రేకే ఉండదు. అంటే 5,600 కిలోలను ఆపాల్సింది రెండు టైర్లు. ఇంకొకటి. వేగం రెట్టింపైతే ఆపాల్సిన శక్తి రెట్టింపు కాదు, నాలుగింతలు. 15లో ఆగే బండి 30లో ఆగదు. అందుకే వాలు మొదలవకముందే గేరు తగ్గించాలి. మధ్యలో వేద్దామంటే అది పడదు.

ఆ తర్వాత ఏడాది ఊళ్లో ఉండలేక కరీంనగర్ పోయి ఒక వెల్డింగ్ షాపులో చేరాను. తర్వాత సొంతంగా పెట్టుకున్నాను. శ్రీరాంసాగర్ కాలువ కింద వరి పెరిగింది, ట్రాక్టర్లు పెరిగాయి, నాకు పని పెరిగింది. ఇన్నేళ్లలో నా చేతి మీదుగా వందల ట్రాలీలు పోయాయి. రిపేరుకు వచ్చిన ప్రతి ట్రాలీ ఏదో ఒక సంగతి చెబుతుంది. అందులో కొన్ని మీకు చెబుతాను.

పత్తి ట్రాలీకి, వడ్ల ట్రాలీకి జబ్బులు వేరు. పత్తి తేలిక. తేలిక కాబట్టి ఎత్తుగా నింపుతారు, పక్కలకు కట్టెలు కట్టి ఇంకా ఎత్తు పెంచుతారు. బరువు తక్కువే గానీ ఆ బరువు ఆకాశంలో ఉంటుంది. మలుపులో ఒక పక్క చక్రం రోడ్డు దిగి మెత్తటి మట్టిలో పడితే చాలు, ఒరిగిపోతుంది. వడ్లు అట్లా కాదు. బస్తా 40 కిలోలు, వంద బస్తాలంటే 40 క్వింటాళ్లు. ఎత్తు కనబడదు, అందుకని "ఇంకో ఇరవై బస్తాలు వెయ్" అంటారు. అక్కడ పోయేది టైరు, ఇరుసు, కొక్కెం. ఆదిలాబాద్ పత్తి మార్కెట్‌కు పోయే దారిలో ఒరిగిన ట్రాలీలు చూశాను, జమ్మికుంట దారిలో ఇరుసు విరిగిన ట్రాలీలు చూశాను. ఏ పంట ఎక్కడ పండుతుందో రోడ్డు పక్క చూస్తే తెలుస్తుంది.

రెండు చక్రాల ట్రాలీ అయితే తాత లెక్కే. బరువు ముందుకు కొంచెం మొగ్గాలి. మరీ ఎక్కువ మొగ్గితే ట్రాక్టర్ ముందు చక్రాలు లేస్తాయి, స్టీరింగ్ పనిచేయదు. నాలుగు చక్రాల ట్రాలీకి ముందు బరువు ట్రాక్టర్ మీద పడదు, దాని చక్రాలే మోస్తాయి. అక్కడ చూడాల్సింది ముందు చక్రాల తిరుగుడు పళ్లెం. అది అరిగి వదులైతే ట్రాలీ పాములా పోతుంది. ఏ ట్రాలీ అయినా, కట్టాల్సింది ట్రాక్టర్ కింది కొక్కేనికే. బురదలో దిగబడ్డప్పుడు పైన ఎక్కడో గొలుసు కట్టి గుంజుతారు. ఇరుసు కంటే ఎత్తులో కట్టి గుంజితే ట్రాక్టర్ ముందుభాగం గుర్రంలా లేచి డ్రైవర్ మీద పడుతుంది. ఆలోచించే సమయం కూడా ఇవ్వదు.

ఇక కొక్కెం పిన్ను. గట్టి పిన్ను ఉండాల్సిన చోట, పాతది పోయిందని ఇనుప కడ్డీ ముక్క దూర్చి వస్తారు. దాని కింద ఊడకుండా పెట్టే చిన్న స్ప్లిట్ పిన్ను ఉండదు, వైరు చుట్టి ఉంటుంది. నేను ట్రాలీకి రెండు గొలుసులు పెడతాను, కొక్కెం కింద అడ్డంగా ఒకదాని మీద ఒకటి వచ్చేట్టు. పిన్ను ఊడినా ట్రాలీ ముక్కు నేలను గుచ్చదు, ఆ గొలుసుల మీద ఆగుతుంది. "అదెందుకు, దండగ" అంటారు కొనేవాళ్లు. గొలుసుకు డబ్బులు తీసుకోవడం మానేశాను. అప్పుడు ఎవరూ వద్దనడం లేదు.

ఇప్పుడు కొత్త జబ్బు ఒకటి వచ్చింది. 2005లో టాటా ఏస్, మన ఛోటా హాథీ వచ్చింది. 750 కిలోలు మోయడానికి చేసిన బండి. మంచి బండి, ఎన్ని కుటుంబాలకు అన్నం పెట్టిందో. దాని వెనకా, పికప్పుల వెనకా కొక్కేలు వెల్డింగ్ చేయించుకొని, వినాయక నిమజ్జనానికి జనరేటర్ ట్రాలీలు, పెళ్లిళ్లకు టెంటు సామాను ట్రాలీలు కడుతున్నారు. నా దగ్గరికీ వస్తారు. ఛాసిస్‌కు కాకుండా బంపర్‌కు కొక్కెం అతికించమంటారు. అతికించను. "నువ్వు కాకపోతే పక్క షాపు" అని పోతారు. పోనీ. ఇంజను లాగుతుంది, అనుమానం లేదు. లాగడం ఒక్కటే పని కాదు. లాగిందాన్ని ఆపాలి, మలుపు తిప్పాలి, వాలు దించాలి. మినిసోటా పోరడికి చెప్పిందే వీళ్లకూ చెబుతాను. పుస్తకంలో ఎంత లాగొచ్చని రాశారో చూడు. రాయకపోతే లాగడానికి చెయ్యలేదని అర్థం.

మనిషి ఆశకు కారణాలున్నాయి, కాదనను. కిరాయి ట్రిప్పు లెక్కన ఇస్తారు కాబట్టి రెండు ట్రిప్పుల సరుకు ఒక ట్రిప్పులో వేస్తారు. మార్కెట్‌లో వరుస పొడుగుంటుంది, రాత్రే బయలుదేరాలి. రాత్రి ట్రాలీకి వెనక లైటుండదు. 2019లో మారిన చట్టం ప్రకారం అధిక బరువుకు 20,000 రూపాయల జరిమానా, ఎక్కువైన ప్రతి టన్నుకు మరో 2,000. పట్టుబడితే పంట డబ్బంతా పోతుంది. పట్టుబడకపోతే ఏం పోతుందో మూడో వరుసలో కూర్చున్నవాడికి తెలుసు.

2018 మనం మరిచిపోకూడని సంవత్సరం. జూన్‌లో వలిగొండ మండలంలో కూలికి పోతున్నవాళ్ల ట్రాక్టర్ మూసీ కాలువలో పడి 15 మంది పోయారు. చాలామంది ఆడవాళ్లు. సెప్టెంబరు 11న మన కొండగట్టు ఘాట్ దిగుతూ బస్సు లోయలో పడి 60 మందికి పైగా పోయారు. పట్టాల్సినదానికంటే ఎంతో ఎక్కువమంది ఆ బస్సులో ఉన్నారు. ట్రాలీ వేరు, బస్సు వేరు. బరువు, వాలు, వేగం మాత్రం అవే. ఆ మూడూ ఎవరి చదువునూ, ఎవరి మంచితనాన్నీ చూసి ఊరుకోవు.

ఇప్పుడు మీతో ఉన్న పని చెబుతాను.

మన సంఘానికి యాభై ఏళ్లొచ్చాయి. బడికి గదులు కట్టించాం, బెంచీలిచ్చాం, మంచినీళ్ల ట్యాంకు పెట్టించాం. అన్నీ మంచి పనులే. ఇంకొకటి చేద్దాం. ఏటా దసరా సెలవులు అయిపోయాక, పత్తి ట్రాలీలు రోడ్డెక్కకముందు, ఒక ఆదివారం మన బడి మైదానంలో చుట్టుపక్కల ఊళ్ల ట్రాలీలన్నీ పిలుద్దాం. నేనూ, నా దగ్గర పనిచేసే నలుగురూ వస్తాం. పిన్ను, గొలుసు, తిరుగుడు పళ్లెం, టైరు చూస్తాం. బ్రేకు పెడళ్ల గడియ పనిచేస్తున్నదో లేదో చూస్తాం. కూలీ ఒక్క రూపాయి వద్దు. సంఘం చేయాల్సింది, రాత్రి లైటు పడితే మెరిసే టేపు కొనడం. వెనక ఎరుపు, పక్కలకు పసుపు, ముందు తెలుపు. ఒక ట్రాలీకి అయ్యే ఖర్చు మనలో ఎవరికీ భారం కాదు.

రెండోది, ఉపాధ్యాయులకు విన్నపం. బడిలో ఒక రెండు చక్రాల తోపుడు బండి, ఎనిమిది ఇటుకలు, ఒక తూకం ఉంటే చాలు. ఇటుకలను ముందుకూ వెనక్కూ జరుపుతూ, పిడి దగ్గర తూకం ఎంత చూపిస్తుందో తొమ్మిదో తరగతి పిల్లలతో రాయించండి. ఒక పీరియడ్ పని. తులాదండం పాఠం అయిపోతుంది, వాళ్ల తాత లెక్క కూడా అర్థమవుతుంది. పరీక్షలో వస్తుందో రాదో నాకు తెలియదు. ఇంటికి పోయి, "బాపూ, వెనక బరువైంది" అని ఒక్క పిల్ల చెప్పినా చాలు.

మూడోది, ఇక్కడున్న పిల్లలకు. ట్రాక్టర్ మడ్‌గార్డు మీద కూర్చోవద్దు. ట్రాలీకీ ట్రాక్టర్‌కూ మధ్య కొక్కెం మీద నిలబడవద్దు. సరుకు మీద ఎక్కవద్దు. బస్సు తప్పిపోతే నడవండి, లేకపోతే సెలవు పెట్టండి. సార్లు కొట్టరు, నేను చెబుతాను.

నేను ఈ బడి నుంచి పెద్ద చదువు పట్టుకుపోలేదు. తెలిసిన దాన్ని పనిలో పెట్టకపోతే ఏమవుతుందో మాత్రం బాగా నేర్చుకున్నాను. నిన్న మా తమ్ముణ్ని, "ఆ ఆదివారం నువ్వూ వస్తావురా?" అని అడిగాను. "వస్త. టేపు నేనే అతికిస్త. వంగి అతికించే పని, నాకు కూసోని చేసుడు అలవాటే" అన్నాడు. వాడితోపాటు కూర్చోవడానికి మీలో ఇంకా కొంతమంది కావాలి. పేర్లు ఇవ్వాల్సినవాళ్లు భోజనాల దగ్గర నన్ను కలవండి.

ఇరవై నిమిషాలు దాటినట్టున్నాయి. బరువు ఎక్కువైతే క్షమించండి. సెలవు.